వదినె పడవ

కంఠేశ్వర్, నిజామాబాద్
జూలై 9

అంజవ్వ వదినె గారికి,

ఫోను ఉండగా ఉత్తరం ఎందుకని మీరు అనుకోవచ్చు. ఫోనులో మిమ్మల్ని అడిగితే మీ వెనక నుంచి కాశయ్య అన్నయ్య జవాబు చెప్తారు. నేను మాట్లాడుతుంటే రుచిత వచ్చి ఫోను లాక్కుంటుంది. వియ్యపురాళ్ళ మధ్య ఉండాల్సిన మాట వాళ్ళ మధ్యే ఉండాలంటే కాగితమే మంచిది.

సంగతి ఆ ఆట గురించి. రుచిత బడిలో సైన్సు చెప్పే ఆఫియా మేడం తొమ్మిదో తరగతి పిల్లలకు ఒక పని పెట్టింది. అరవై దాటిన ఇద్దరు పెద్దవాళ్ళను 'పడవదారి' అనే ఫోను ఆటలో చేర్పించాలి. ఆటలో నీళ్ళు, నీళ్ళ మధ్య చిన్న దీవుల్లాంటి తిప్పలు ఉన్న పటం ఒకటి చూపించి మాయం చేస్తారు. గుర్తు పెట్టుకుని పడవను ఒక్కో జెండా దగ్గరకు నడిపి, బయలుదేరిన రేవుకే తిరిగి రావాలి. వయసు మీద పడేకొద్దీ మనిషి దారి పట్టే శక్తి ఎట్లా మారుతుందో తెలుసుకోవడానికి పరిశోధన చేసేవాళ్ళు ఈ ఆట తయారు చేశారట. వాళ్ళకు వేల మంది ఆట దొరుకుతుంది, పిల్లలకు గ్రాఫులు గీసే పాఠం దొరుకుతుంది. ఇంతవరకు నాకు అభ్యంతరం లేదు. మన మనుమరాలు తననూ, నన్నూ, మిమ్మల్నీ కలిపి ఒక జట్టు కట్టింది. బడి పని కనుక నేను ఒప్పుకున్నాను.

మొన్న ఆదివారం మీ ఇంటి నుంచి వచ్చి చెప్పులు కూడా విడవకుండా, "అమ్మమ్మ ఫస్టు. నానమ్మా, నువ్వు మొసలి తిప్ప కాడనే ఆగిపోయినవ్" అంది. నేను ముప్పై ఏళ్ళకు పైగా హైస్కూల్లో లెక్కలు చెప్పినదాన్ని. పటం చూడడం నాకు కొత్త కాదు. అందుకే అడుగుతున్నాను, తప్పుగా అనుకోకండి. పడవ మీరే నడుపుతున్నారా? పిల్ల మీ వేలు పట్టి నడిపిస్తోందా? అట్లా అయితే పరిశోధనకు అబద్ధం చెప్పినట్టు. మీకు మొదటి స్థానం వచ్చినందుకు కాదు నేను అడిగేది.

సుమలత

*

శక్కర్‌నగర్, బోధన్
జూలై 15

వదినెకు అంజవ్వ రాసేది.

మీ ఉత్తరం అందింది. ఇద్దరి నడుమనే ఉండాలన్నరు గని మీ అన్న పక్కనే కూసున్నడు, సదివి ఇనిపియ్యక తప్పలే. ఆయినె నవ్విండు. "మీ వదినె పెన్ను పట్టిందంటే ఎవరో ఒకరు ఫెయిలైనట్టే" అన్నడు.

నా ఏలు ఎవ్వరు పట్టలే. పోరి పక్కన కూసోని పల్లీలు తినుడు తప్ప ఏం జెయ్యలే. ఎట్ల గెలిసినవంటే చెప్త, దాసుకునేది ఏముంది. తిప్పలకు పేర్లు పెట్టుకున్న. మొదటిది మా నాగవ్వ ఇల్లు. దాని పక్కది బాలన్న కిరాణం. మూలకు మొసలి ఉన్న తిప్ప ఉన్నది సూడుండ్రి, గదే మీ కంఠేశ్వర్ ఇల్లు. ఆడికి నోరు మూసుకోని పోవాలె, నోరు మూసుకోని రావాలె. గిట్ల చెప్తే పోరి కడుపు పట్టుకోని నవ్వింది. మీకు చెప్పొద్దన్నది, చెప్పిన.

మీరు కోణాలు లెక్క పెట్టుకుంట కూసుంటే పడవ ఎప్పుడు కదులుతది వదినె?

ఇంకో ముచ్చట. రుచిత ఏడాదంత మీ ఇంట్లనే ఉంటది. అన్నం పెట్టేది మీరు, జడేసేది మీరు, బడికి తోలేది మీరు. నా బిడ్డ కడుపున పుట్టింది గని నాకు ఐతారం ఐతారం సుట్టం లెక్క వస్తది. వచ్చినా నానమ్మ గిట్లన్నది, నానమ్మ గట్లన్నది అనుకుంటనే ఉంటది. గీ ఆటలనన్న నన్ను ముందట ఉండనియ్యుండ్రి.

అంజవ్వ

*

కంఠేశ్వర్
ఆగస్టు 27

వదినె గారికి,

ఉండనివ్వమని అడిగితే ఇచ్చేది కాదు ఆటలో స్థానం. గెలుచుకోవాలి. నేను సాధన మొదలుపెట్టాను.

కాగితం వాడకూడదని నియమం ఉంది. నేను వాడడం లేదు. పటం చూసి కళ్ళు మూసుకుంటాను, మళ్ళీ చూస్తాను. దేవుడి గది తలుపు దగ్గరకు వేసుకుని ఆడుతుంటే ధనుంజయ్ చూశాడు. "అమ్మా, నా క్యారమ్ బోర్డు అటక మీద పడేసినవ్ గదా, ఇప్పుడు దించుకోనా" అన్నాడు. కన్న కొడుకు. మీ బిడ్డ వంటింట్లో నుంచి నవ్వింది. ఆమె నవ్వు అచ్చం మీ నవ్వే.

ఆటలో ఒక సదుపాయం ఉంది, మీరు గమనించారో లేదో. జట్టులో ఎవరి పడవ ఎటు నడిచిందో తెల్ల గీతగా చూడవచ్చు. మీ గీతలు రోజూ చూస్తున్నాను. దారం పట్టి లాగినట్టు తిన్నగా పోతుంది మీ పడవ. ఎక్కడా తడబాటు లేదు. నేర్చుకోవడానికి చూస్తున్నాను అనుకున్నాను మొదట. నేర్చుకునేది ఏమీ లేదు, అయినా చూస్తున్నాను.

రుచిత గ్రాఫు గీసింది. మీ గీత ఎర్ర స్కెచ్చుతో, నాది పెన్సిలుతో. ఎందుకట్లా అని అడిగాను. "అమ్మమ్మది పైన ఉన్నది గదా నానమ్మా, కనవడాలె" అంది. ఆ పొద్దు జడ కొంచెం బిగించి వేశాను. పిల్ల అబ్బా అంది. 

మీకు ఇవన్నీ ఎందుకు రాస్తున్నానో తెలియదు. ఇంట్లో చెప్పుకునే మాటలు కావు కనుక కావచ్చు.

సుమలత

*

శక్కర్‌నగర్
అక్టోబర్ 5

వదినెకు,

పండుగ మంచిగయ్యింది. గరిజెలు చేసి ఆర్టీసీ కార్గోల ఏసినం. అందినయా? చక్కెర తక్కువేసిన, మీకు షుగరున్నదని.

ఆట ముచ్చట అడుగకుండ్రి. కండ్లు సరిగ కనవడ్తలేవు. ఫోను కూడ పాతదైంది, ఏలు పెట్టేది ఒక దిక్కు, అది పోయేది ఒక దిక్కు. కండ్ల డాక్టరు దగ్గరికి తోల్కపోత అన్నడు మీ అన్న. ఎందుకు, పండుగ పనికి అలిసిన, గంతే.

రుచితకు ముద్దులు చెప్పుండ్రి. పరీక్షలట గదా. జడ నిమ్మలంగ ఎయ్యుండ్రి.

అంజవ్వ

*

కంఠేశ్వర్
అక్టోబర్ 17

అంజవ్వ గారికి,

వదినె అని రాయబోయి ఆగాను.

మీ గరిజెలు అందాయి. డబ్బా ఖాళీగా తిప్పి పంపకూడదు కనుక, వేల్పూరు నుంచి పసుపు తెప్పించి నింపి పంపుదామని ఉంచాను. వారం తిరక్కుండా మీ రెండో డబ్బా వచ్చింది. అవే గరిజెలు, అంతే డబ్బా. నాకు అర్థం కాలేదనుకున్నారా? నేను ఇచ్చిపుచ్చుకోవడంలో ఏనాడూ ఆలస్యం చేసినదాన్ని కాదు. ఒక్కసారి ఆలస్యమైతే గుర్తు చేసే పద్ధతి ఇదా? ధనుంజయ్ "అత్తమ్మకు మనమంటే ప్రేమ ఎక్కువైంది" అన్నాడు. వాడికేం తెలుసు, వియ్యపురాలి డబ్బాలో ఏం ఉంటుందో.

ఇంకా ఉంది. ఫోనులో పిల్లను ఏ తరగతి అని అడిగారట, ఒకసారి చెప్పాక మళ్ళీ అడిగారట. దాని చదువు నేను చూస్తున్నాను. వెనకబడిందని గుచ్చాలంటే నన్ను గుచ్చండి.

ఇక ఆట. దసరా నుంచి జట్టులో మొదటి స్థానం నాది. మొదటిసారి నా పేరు పైన చూసినప్పుడు, మీకు చెప్పడానికి సిగ్గు లేదు, చాలా సంతోషించాను. ఆ రోజు పాయసం చేశాను. ఎందుకు నానమ్మా అంటే ఊరికే అన్నాను.

తరువాత మీ గీతలు చూశాను. బాలన్న కిరాణం అన్నారే, ఆ తిప్ప చుట్టూ తిరిగి, మళ్ళీ తిరిగి, రేవు పక్క నుంచే పోయి రేవుకు చేరకుండా ఆగిపోయింది మీ పడవ. మరునాడూ అట్లాగే. దారం లాగినట్టు నడిపిన మనిషి ఇట్లా నడపగలదా? కళ్ళు కనబడకపోతే గట్టుకు తగులుతుంది గానీ ఒకే చోట తిరగదు. మీరు కావాలని ఓడిపోతున్నారు.

దానివల్ల ఏమైందో చూడండి. రుచిత పరీక్షల్లో పడి పడవ ముట్టడం లేదు, పేర్లు మాత్రం చూస్తుంది. మీ పేరు కింద కనబడగానే "పాపం అమ్మమ్మ" అని రోజూ సాయంత్రం మీకు ఫోను. నేను గెలిచిన సంగతి ఒక్కసారి కూడా అనలేదు. గెలిచినప్పుడూ మీరే, ఓడినప్పుడూ మీరే. మీరు పడేస్తే ఏరుకునే గెలుపు నాకు వద్దు. సరిగా ఆడండి, లేదా మానేయండి.

సుమలత

*

శక్కర్‌నగర్
నవంబర్ 2

వదినె,

మీరు రాసింది నాలుగు సార్లు సదివిన. మీ అన్నకు ఇనిపియ్యలే.

కావాలని ఓడిపోతున్ననా? గట్లనే అయితే ఎంత బాగుండు.

నేను ఒక్క డబ్బనే పంపిన అనుకుంటున్న. మీ అన్న రెండు అంటడు. రెండోసారి పిండి తడుపుతుంటే "మొన్ననే చేసినవ్ గదనే" అన్నడట. ఆయినె మీద కోపం చేసిన్నట. నాకు యాది లేదు.

ఇంకోటి రాస్త. కార్తీకం ముందు బోధన్ బజారుకు పోయిన, గాజులకు. ఆ గాజులాయినె మరాఠీల మాట్లాడుతడు, పెండ్లయి వచ్చినకాంచి ఆయినె తాన్నే ఏసుకుంట. గాజులేసుకోని గల్లీలకెల్లి రోడ్డు మీదికి వచ్చి నిలవడ్డ. ఇల్లు ఏ దిక్కుకో తెలువలే. కుడికా, ఎడమకా. రోడ్డు నాదే, దుకాండ్లు నావే, అన్నీ గుర్తు వడ్తున్నయ్ గని ఏదీ ఏదాని పక్కన ఉంటదో తెలుస్తలేదు. సాయి హోటలు ముందట కుర్సీల కూసున్న. అక్కడ చాయ్ పోసే హస్సాన్ "ఎవరి కోసం అమ్మా" అంటే, మా ఆయినె వస్తుండు అన్న. అబద్ధం చెప్పిన. కొంతసేపటికి దిక్కు తెలిసింది. ఇంటికి వచ్చి అన్నం వండిన. ఎవ్వరికీ చెప్పలే.

ఆటల కూడ గిట్లనే అయితుంది. తిప్పకు పేరు పెడ్త. తిరిగి సూస్తే ఆ పేరు ఏ తిప్పదో పోతది.

మీకు ఎందుకు చెప్తున్న అంటే, మీరొక్కరే సూసిండ్రు. ఇంక ఎవ్వరు సూడలే. మీరు తిట్టినందుకు ఒక గడియ సంతోషమైంది, ఈమెకన్న నా మీద కన్నున్నదని.

నా బిడ్డకు చెప్పకుండ్రి. రుచితకు అస్సలే వద్దు. అది నన్ను వేరే తీరుగ సూస్తే నేను ఓర్వలేను. ఒక సాయం చెయ్యుండ్రి. నా పడవకు పోరి పెట్టిన తాళం మాట చెరుకుగడ. మీ ఫోనుల అది కొట్టి నా పేరు మీద కూడ మీరే ఆడుండ్రి. నా ఎర్ర గీత పడిపోకుంట సూడుండ్రి. మిమ్ముల దేన్నీ అడుగలే ఇంతవరకు.

అంజవ్వ

*

కంఠేశ్వర్
నవంబర్ 12

వదినెకు,

ముందు నేను చేసింది చెప్తాను. మీ ఉత్తరం వచ్చిన సాయంత్రం చెరుకుగడ అని కొట్టి మీ పడవ ఎక్కాను. మీరు నడిపేవాళ్ళు కదా, అట్లా నడపాలని చూశాను. మీ పాత గీతలన్నీ నాకు కంఠతా వచ్చు. ఏ తిప్పను ఎటువైపు నుంచి చుడతారో, ఎక్కడ మలుపు తీస్తారో. జెండాలన్నీ అందుకుని రేవుకు చేరాను. మీ పేరు పైకి వచ్చింది, నా పేరు కిందికి పోయింది.

రుచిత పుస్తకం మూసి ఫోను చూసింది. లేచి ఇల్లంతా తిరిగింది. "అమ్మమ్మ మళ్ళ ఫస్టొచ్చింది" అని వాళ్ళ అమ్మకు, వాళ్ళ నాన్నకు, పక్కింటి సుమలత కూతురికి... నా పేరే ఆమెదీ, ఈ వీధిలో ఇద్దరం ఉన్నాం, వాళ్ళింటికి కూడా పోయి చెప్పి వచ్చింది. నా పేరు పైన ఉన్నన్నాళ్ళు అది అట్లా తిరగలేదు. నడిపింది నా వేలు. ఆ సంతోషం దానికి ఇచ్చింది నేను. అయినా అది మీది. మీ మీద అంత అసూయ నాకు ఎప్పుడూ కలగలేదు, మీరు ఆ సమయానికి ఎక్కడో దిక్కు తెలియక కూర్చుని ఉంటారేమోనని తోచి కూడా.

మీ పడవ ఇక నడపను. మరునాడు బడికి వెళ్ళి ఆఫియా మేడంతో, ఆ ఒక్క ప్రయాణం ఆ మనిషిది కాదు, తీసేయించండి అని చెప్పాను. మీకు జూలైలో ఏం రాశానో నాకు గుర్తుంది. ఎవరి సంగతో చెప్పకుండా మిగతాదీ అడిగాను. ఈ ఆట ఎవరికీ రోగం చెప్పదు, ఒక్కరి ఆట చూసి ఎవరూ ఏమీ తేల్చరు అంది. కానీ ఆటలో తిరిగినట్టే బజారులో కూడా తిరిగితే ఆట పక్కన పెట్టి డాక్టరు దగ్గరకు వెళ్ళాలి, ఆలస్యం చేయకూడదు అంది.

మీ బిడ్డకు ఎందుకు తెలియలేదో చెప్పనా? ఆమె మిమ్మల్ని ప్రేమగా చూస్తుంది. ప్రేమగా చూసేవాళ్ళు మీరు ఏం చెప్తే అది నమ్ముతారు, కళ్ళంటే కళ్ళు, అలసటంటే అలసట. నేను కుళ్ళుకుంటూ చూశాను. మీ గీతలో వెంట్రుకవాసి వంకర నాకు కనబడేది. నాకే కనబడి, నేనే ఊరుకుంటే, ఇంకెవరు చెప్పాలి?

ఊరుకోవాలని అనిపించలేదని కాదు. రెండు రోజులు ఆలోచించాను. చెప్తే రుచిత పూర్తిగా మీది అయిపోతుంది, నాకు తెలుసు. మీరు అడిగినట్టు నోరు మూసుకుంటే అందరూ సుఖంగా ఉంటారు, నేను కూడా. ఆ సుఖం నాకు మరీ దగ్గరగా కనబడింది. అందుకే దాన్ని నమ్మలేదు.

ఖలీల్‌వాడిలో నరాల డాక్టరు ఉన్నారు. వచ్చే శుక్రవారానికి పేరు రాయించాను. అప్పటిలోగా మీరే మీ బిడ్డకు చెప్పండి. మీరు చెప్పకపోతే నేను చెప్తాను. తిట్టదలచుకుంటే తిట్టండి.

సుమలత

*

శక్కర్‌నగర్
డిసెంబర్ 8

వదినెకు,

మీరు చెప్పిన నాడు నా బిడ్డ ఫోనుల ఏడ్సింది. ఆ ఏడ్పు ఇన్నంక మీ మొఖం సూడొద్దనుకున్న. డాక్టరు తాన మీరు నా పక్కకు వచ్చి కూసుంటే కుర్సీ జరుపుకున్న. మీరు గమనించిండ్రు.

కాయిదాలు మీరు సూసిండ్రు గని నాకు సమజైంది రాస్త. రక్తంల ఏదో విటమిను అడుగంటింది, దానికి సూదులు. మెదడుల కూడ కొంచెం అరుగుదల ఉన్నదన్నడు. ఏది దేనివల్ల అయితుందో మూడు నెలలైతే గని చెప్పరాదట. సూదులకు కొంత మళ్ళ రావొచ్చు, అంత రాకపోవచ్చు. ఇంకా ముదిరినంక వస్తే గీ కొంత కూడ రాకపోవునట. డాక్టరు గట్ల అన్నప్పుడు మీరు నా దిక్కు సూడలే, కాయిదం దిక్కే సూసిండ్రు. గందుకు మీకు దండం.

ఇగ అసలు ముచ్చట. మీకు నేనే చెప్పాలె, ఇంకొకరు చెప్పొద్దు.

రుచిత నాలుగు దినాల సంది ఈడనే ఉన్నది గదా. నిన్న అన్నం తినుకుంట "అమ్మమ్మా, నేను ఈడనే ఉంట, పదో తరగతి బోధన్లనే సదువుత, నువ్వు బజారుకు పోతే నేను ఎంబడి వస్త" అన్నది. వాళ్ళ అమ్మతోని కూడ మాట్లాడిందట. నేను వద్దనలే వదినె. వద్దనాలె, పెద్దమనిషిని. నోట్లకు రాలే. ఇన్నేండ్లకు ఒక్క పొద్దు పోరి నా పక్కల పండుకున్నది, నా కాలు మీద కాలేసి. దాన్ని పంపుమంటే ఎట్ల పంపుత?

మీకు కడుపు మండుతది. మండనియ్యుండ్రి. నాకు మండలేదా?

అంజవ్వ

*

కంఠేశ్వర్
డిసెంబర్ 13

వదినెకు,

మండింది.

మొదట ఒక ఉత్తరం రాశాను. పదో తరగతిలో బడి మార్చకూడదని, టీచర్లు కొత్తవుతారని, మార్కులు పోతాయని. అందులో అబద్ధం ఒక్కటీ లేదు. చదువుకుని చింపేశాను. ఎందుకంటే అందులో ఉన్నవన్నీ నిజమైన కారణాలే గానీ నా కారణం కాదు. నా కారణం ఇది: దాని మంచం ఖాళీగా ఉంటే నేను చూడలేను. అది మీ కాలు మీద కాలేసి పడుకుందని మీరు రాశారు. ఆ ముక్క రాయకుండా ఉండాల్సింది.

పిల్లను పంపమని నేను అడగను. మీరు పంపలేనని చెప్పాక అడిగితే, మీరు దిక్కు తెలియక నిలబడ్డ రోడ్డు మీద మిమ్మల్ని ఒంటరిగా వదిలినట్టు. అట్లాగని దాన్ని అక్కడ ఉండనివ్వను. రెండూ నా వల్ల కాదు. ఇక మిగిలింది ఒక్కటే. మీరే ఇక్కడికి రండి.

బిడ్డనిచ్చిన ఇంట్లో తల్లి రాత్రి పడుకోకూడదని మీ ఆచారం. పెళ్ళయిన నాటి నుంచి మీరు మా ఇంటికి ఎప్పుడు వచ్చినా చీకటి పడకముందే బోధన్ బస్సు ఎక్కారు. ఒక్కసారి అయినా ఉండండి అని నేను అనలేదు. ఆచారం నాకు అనుకూలంగా ఉండేది కనుక మీకంటే నేనే దాన్ని గట్టిగా పట్టుకున్నాను. ఇప్పుడు అంటున్నాను, ఉండండి. అన్నయ్యను కూడా తీసుకురండి. పొలంలో చెరుకు కొట్టడం అయ్యేదాకా ఆయన వారానికి ఒకసారి పోయి చూసుకోవచ్చు, ధనుంజయ్ బండి మీద దింపుతాడు. మీ సూదులు ఇక్కడే వేయిస్తాం. మూడు నెలల తరువాత డాక్టరు ఏం చెప్తే దాన్ని బట్టి చూద్దాం. మాక్లూరులో మా దేవిదాస్ తమ్ముడు ఇప్పటికే ఫోను చేసి, "వియ్యపురాలిని ఇంట్లో పెట్టుకుంటావా అక్కా, లోకం ఏమంటది" అన్నాడు. లోకానికి నరాల డాక్టరు ఫీజు ఎంతో తెలుసా అని అడిగాను. పెట్టేశాడు.

మీ మీద జాలితో పిలుస్తున్నాననుకోకండి. మీకు జాలి నచ్చదు, నాకు అది చేతకాదు. మీరు బోధన్‌లో ఉంటే పిల్ల మనసంతా బోధన్‌లో ఉంటుంది. మీరు నా కళ్ళ ముందు ఉంటే సగమన్నా ఈ ఇంట్లో ఉంటుంది. నా లెక్క అది.

రుచిత, మీరు కలిసి రోజూ సాయంత్రం కంఠేశ్వర్ వీధుల్లో నడవండి. దారి మీరు చెప్పాలి, అది వెనక రావాలి. నేను కూడా వస్తాను. మీ ఇద్దరినీ వదిలేసి ఇంట్లో కూర్చుంటానని అనుకోకండి.

తూర్పు గది మీకు, అన్నయ్యకు సర్దించాను. వంట మీ బిడ్డది, పొద్దున పాలు నావి, వాటి జోలికి రాకండి. రుచిత మంచం ఇప్పటి మాదిరిగానే నా గదిలో ఉంటుంది. మొదటి రాత్రే దాన్ని మీ గదిలోకి మార్చమని అది అడుగుతుంది, నాకు తెలుసు. నేను కాదంటే ఏడుస్తుంది. అప్పుడు వద్దనాల్సింది మీరు.

ఆదివారం పదిగంటల బస్సుకు బస్టాండులో ఉంటాను.

సుమలత